ఆగని బండికి అందించిన సంచీ

ఆన్‌సైట్ పేరు చెప్పి ఆర్నెల్లు ఇంగ్లండులో ఉండొచ్చాను. అక్కడ శని ఆదివారాల్లో మనవాళ్లు చేసేవి మూడే పనులు. వారానికి సరిపడా వంట, ఇండియా ఆడుతుంటే క్రికెట్టు, లేదంటే ఎవరిదో కారులో ఇరుక్కుని ఏదో ఒక కోటకి పోయి ఫొటోలు దిగడం. నేను మాత్రం ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా లెస్టర్ దగ్గర గ్రేట్ సెంట్రల్ రైల్వే చూడ్డానికి పోయాను. చెప్తే నవ్వుతారని. రైల్వే ఉద్యోగి మనవడికి రైలు చూడాలనిపించడంలో నవ్వడానికేముందో నాకైతే తెలీదు :)

లెస్టర్ మీదుగా పోయే ఆ లైనుని 1969లో మూసేశారు. అందులో ఎనిమిది మైళ్ల ముక్కని ఊళ్లోవాళ్లు, రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు కలిసి మళ్లీ నడుపుతున్నారు. బొగ్గింజన్లు, చెక్క పెట్టెలు, చేత్తో లాగే సిగ్నళ్లు. అవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది పట్టాల పక్కన నిలబెట్టిన ఒక గుంజ, దాని పక్కనే పెద్ద తాళ్ల వల. కోళ్ల గంపకి రైల్వేలో ఏం పని అనుకున్నాను. కాసేపటికి బండొచ్చింది. గుంజకి వేలాడుతున్న తోలుసంచీ ఫట్‌మని మాయమైంది. అదే క్షణంలో పెట్టెకి వేలాడుతున్న ఇంకో సంచీ వలలో వచ్చి పడింది. బండి ఆగలేదు. రెండు సెకన్లు కూడా పట్టలేదు. నేను ఫోనులో వీడియో ఆన్ చేసేలోపు అయిపోయింది. రెండో సారికోసం గంటన్నర చలిలో నిలబడ్డాను.

సంగతేంటంటే, రైల్లో ఉత్తరాలు వేరుచేసే పద్ధతి బ్రిటన్లో 1838 జనవరిలో మొదలైంది, గుర్రాల్ని తరలించే పెట్టెని ఒకదాన్ని మార్చి. పెట్టెలో కూర్చుని ఉత్తరాలు వేరుచేస్తున్నారు, బాగానే ఉంది. మరి చిన్న ఊళ్ల సంచీలు ఎట్ల ఎక్కాలి, ఎట్ల దిగాలి? ప్రతి స్టేషన్లో ఆగితే అది మెయిలు కాదు, ప్యాసింజరు. కాబట్టి ఆగకుండా మార్చుకునే సాధనం కావాల్సొచ్చింది. అదే సంవత్సరం నథానియల్ వర్స్‌డెల్ అనే ఆయన ఒకటి పేటెంటు చేసుకున్నాడు. పోస్టాఫీసుతో బేరం కుదరలేదు. పోస్టాఫీసు వాళ్లు తమ ఉద్యోగి రామ్సే చేసిన వేరే సాధనం వాడారు. 1848 ప్రాంతంలో జాన్ డికర్ దాన్ని బాగుచేశాడు. ఆ పద్ధతే కొద్దిపాటి మార్పులతో 1971 అక్టోబరు 4న పెన్రిత్ దగ్గర చివరి సంచీ మారేదాకా నడిచింది. ఒక డిజైను నూటిరవై ఏళ్లకి పైగా ప్రొడక్షన్లో ఉండటం! మనం రాసిన కోడ్ మూడేళ్లుంటే పార్టీ అడుగుతాం.

పనిచేసే తీరు చెప్తే చాలా మామూలుగా ఉంటుంది. పోస్టుమాన్ గుంజకి తోలుసంచీ తగిలిస్తాడు. పెట్టె పక్కనుంచి ఒక వల బయటికి చాచుకుంటుంది. దానికి అడ్డంగా కట్టిన తాడు సంచీని గుంజనుంచి లాగేసుకుంటుంది. దిగాల్సిన సంచీ పెట్టెకున్న ఇనుప చెయ్యికి వేలాడుతూ వచ్చి నేలమీది వలలో పడుతుంది. సంచీ బరువు ఇరవై కేజీల పైన కూడా ఉండొచ్చు, బండి వేగం గంటకి అరవై మైళ్లు. వల ఒక్క నిమిషం ముందు చాస్తే ఏ వంతెనకో తగులుతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే సంచీ మిగిలిపోతుంది. అర్ధరాత్రి, బయట ఏమీ కనపడదు. లోపలివాళ్లు వంతెన కింద పోయేటప్పుడు మారే చప్పుడుని బట్టి, పట్టాల మలుపుని బట్టి ఊరొచ్చిందని తెలుసుకునేవాళ్లు.

అసలు విషయం ఇక్కడినుంచి మొదలవుతుంది.

తిరిగొచ్చాక ఊరికి పోయి ఆ వీడియో మా అబ్బకి చూపించాను (తాతని మా వైపు అబ్బ అంటాం). ఆయనకిప్పుడు ఎనభై నాలుగు. డోన్‌కీ నంద్యాలకీ మధ్యలో ఒక చిన్న స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయినాడు. చూపు తగ్గింది, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అబ్బురపడతాడనుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే.

"ఆ గుంజ పట్టాకి ఎంత ఎడం ఉండాది రా?"

నాకు తెలీదు. గంటన్నర అక్కడే నిలబడి వచ్చినోణ్ని, బీటెక్ చదివినోణ్ని, ఆ ప్రశ్న నాకు రాలేదు.

"అది తెలుసుకోకుండా ఏం జూసొచ్చినావు? దాంట్లోనే ఉంటాది కదా అంతా."

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన సర్వీసులో ఉన్నప్పుడు ఆ లైను మీటర్‌గేజి, సింగిల్ లైను. వైపీ ఇంజన్లు. ఆయన స్టేషన్లో తపాలా సంచీలు ఆగిన బండికి చేతులమీదే ఎక్కేవి, దిగేవి. కానీ ఆగని బండికి ఆగకుండా ఇవ్వాల్సింది ఒకటుంది. టోకెన్.

మనలో చాలామందికి టోకెన్ అంటే లాగిన్ అయినప్పుడు వచ్చేది. అసలు టోకెన్ చేతిలో పట్టుకునే ఇనుప బంతి. సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒకే సారి ఒకే బండి ఉండాలి. దానికోసం రెండు స్టేషన్లలోనూ నీల్స్ బాల్ టోకెన్ అనే మిషన్లు ఉండేవి. నిలువెత్తు ఇనుప పెట్టె, గంట, టెలిఫోను, ఒక పిడి. పిడికి మూడు స్థానాలు: లైన్ క్లోజ్డ్, ట్రైన్ గోయింగ్ టు, ట్రైన్ కమింగ్ ఫ్రం. ఈ స్టేషను మాస్టరు గంట కొడితే, ఆ స్టేషను మాస్టరు ఒప్పుకుని తన పిడి తిప్పితేనే ఇక్కడ బంతి బయటికొస్తుంది. ఒకటి వచ్చిందంటే, అది రెండిట్లో ఏదో ఒక మిషన్లో మళ్లీ పడేదాకా ఇంకోటి ఏ వైపూ రాదు. డ్రైవరు చేతిలో ఆ బంతి లేకుండా బండి కదలకూడదు. మన భాషలో చెప్పాలంటే డిస్ట్రిబ్యూటెడ్ లాక్. కరెంటు తీగలు, ఇనుము, ఇద్దరు మనుషుల ఒప్పందంతో చేసింది.

మా టీములో ఒకసారి ఒకే జాబు రెండు సర్వర్లలో ఒకేసారి నడిచి, కొంతమందికి డబ్బు రెండు సార్లు పోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు. ఈ కథ అబ్బకి ముందెప్పుడో చెప్తే, "ఐతే ఒకే బంతి ఇద్దరి చేతికిచ్చినారన్న మాట" అన్నాడు. మేము ఎనిమిది పేజీల రిపోర్టు రాశాం, అందులో ఉన్నదీ అదే.

బండి ఆ స్టేషన్లో ఆగకుండా పోయేదైతే బంతిని తోలు సంచీలో పెట్టి, దాన్ని పెద్ద బెత్తం రింగుకి కట్టి, పాయింట్స్‌మన్ పైకెత్తి పట్టుకుని నిలబడాలి. ఫైర్‌మన్ చెయ్యి చాచి రింగులోకి దూర్చి లాక్కుపోతాడు. వెనక సెక్షను బంతి ఉన్న రింగుని కిందికి పారేస్తాడు. రాత్రైతే పక్కన కాగడా. ఎండాకాలం మన కర్నూలు గాలి, దుమ్ము, ఇంజను బూడిద అన్నీ కంట్లో కొడుతుంటే కన్ను మూయకుండా నిలబడాలి.

అబ్బ మంచం మీంచి లేచి చూపించాడు. "ఇంజను దిక్కు జూడగూడదు. ఫైర్‌మను చెయ్యి మాత్రమే జూడాల. మోచెయ్యి రవ్వంత వంచాల. రింగు గట్టిగా పట్టుకుంటివా, రింగుతో పాటు నువ్వూ పోతావు. వేళ్ల కొసల్తో పట్టుకోవాల, వాడు లాగితే జారిపోయేటట్టు." ఆ మాటలంటూ ఎత్తిన చెయ్యి వణకలేదు. అన్నం తినేటప్పుడు వణికే చెయ్యే అది.

ఇది ఏ మాన్యువల్లో ఉంది? బంతి బయటికి ఎట్ల రావాలో రూల్సు పుస్తకంలో ఉంటుంది. వేళ్ల కొసల సంగతి ఉండదు. ఈ ముక్క ఇప్పుడు కొన్ని ముసలి చేతుల్లో మాత్రమే ఉంది. మన ప్రాజెక్టుల్లో ఒకడు మానేస్తున్నాడంటే నెల ముందునుంచే కేటీ సెషన్లు పెట్టి రికార్డు చేస్తాం. ఇక్కడ ఒక తరం మొత్తం నోటీసు పీరియడ్‌లో ఉంది, ఒక్క సెషన్ పెట్టినోడు లేడు.

గేజి మారినప్పుడు తన స్టేషన్లో పాత సామాను లారీలకెత్తి పోయిందని అబ్బ చెప్తాడు. విరిగిందని పారేసిన ఒక బెత్తం రింగు ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు మేము దాంతో చక్రం తిప్పుకుని ఆడుకున్నాం, అదేంటో అడక్కుండానే.

మన సీమకి రైలు చరిత్ర తక్కువేం కాదు. మద్రాసు నుంచి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా పోయిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపునుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆనాటినుంచి బొంబాయికీ మద్రాసుకీ మధ్య తపాలా మన ఎర్రమట్టి మీదే నడిచింది. గుంతకల్లులో ఈనాటికీ రైల్వే మెయిల్ సర్వీసుకి ఒక డివిజను ఉంది. నందలూరులో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. చెయ్యేరు పక్కన ఊరు ఊరంతా దానిమీద బతికింది. ఆవిరి పోయింది, షెడ్డూ పోయింది. నల్లమలలో దొరబావి వంతెనని చూసినవాళ్లు ఇప్పటికీ కథలు చెప్తారు. బ్రాడ్‌గేజికి వేరే దారి వేశాక అదీ కాలం చేసింది.

ఇట్లాంటివాటికి మనకి తెలిసిన వైద్యం ఒక్కటే. ఒక ఇంజను తెచ్చి, నల్లరంగు ఎర్రరంగు పూసి, ఏ ఆఫీసు ముందో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి, చుట్టూ గొలుసు కట్టి "ముట్టరాదు" అని బోర్డు పెట్టడం. పిల్లలు దాని ముందు సెల్ఫీ దిగుతారు. అది ఏం చేసేదో తెలీకుండానే ఇంటికి పోతారు. నా అభిప్రాయంలో అది సంరక్షణ కాదు, మంచి సమాధి. లెస్టర్లో నేను చూసిన దాంట్లో కొత్త ఏంటంటే, వాళ్లు వస్తువుని మాత్రమే దాచలేదు. ఇచ్చిపుచ్చుకోవడాన్ని దాచారు. ఆ తాళ్ల వల పాతది కావాల్సిన పని లేదు. తాడు కుళ్లుతుంది, తోలు పగులుతుంది, మళ్లీ అల్లుకోవాలి, మళ్లీ కుట్టుకోవాలి. అల్లేటప్పుడే దాని కొలత ఎందుకు అంతుందో అల్లేవాడికి తెలుస్తుంది. అబ్బ అడిగిన "ఎంత ఎడం" అనే ప్రశ్న వాళ్లు ఎప్పుడో అడుక్కుని ఉంటారు, లేకుంటే ఆ సంచీ వలలో పడదు.

ఇక్కడ ఇంకో ముచ్చట. టోకెన్లు చేత్తో మార్చుకుంటూ చేతులు విరగ్గొట్టుకుంటున్న మనుషుల్ని చూసి, జేమ్స్ మాన్సన్ అనే స్కాట్లండు రైల్వే ఇంజనీరు 1880ల చివర్లో వాటిని మిషనుతో మార్చే సాధనం తయారుచేశాడు. దానికి పేటెంటు తీసుకోలేదు, అందరూ వాడుకోవాలని. వర్స్‌డెల్ పేటెంటు తీసుకుంటే పోస్టాఫీసు ఇంకోటి తయారుచేసుకుంది, మాన్సన్ వదిలేస్తే మనుషుల చేతులు మిగిలాయి. ఓపెన్ సోర్సు గురించి వాదించుకునేవాళ్లకి ఈ ఉదాహరణ ఉచితం :)

సరే, "నీళ్లు లేని సీమలో నీకు బంతులాట కావాల్సొచ్చిందా?" అని అడిగేవాళ్లుంటారు. మా నాయనే మొదట అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నంద్యాల-ఎర్రగుంట్ల లైను 1996-97లో మంజూరైతే, బండి ఎక్కడానికి 2016 దాకా ఆగినవాళ్లం మనం. ముందు బళ్లు రానీ, తర్వాత బంతులు అంటే కాదనలేను. కానీ నేను అడుగుతున్నది కొత్త లైనుకి పెట్టే డబ్బులో వాటా కాదు. రెండోది, లైను ఆలస్యమైతే ఇరవై ఏళ్లకైనా వస్తుంది. అబ్బలాంటివాళ్లు ఇరవై ఏళ్లు ఆగలేరు.

ఇంకొకరు, "నడిచే లైను పక్కన ఇట్లాంటి ఆటలు ప్రమాదం" అన్నారు. నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే నడిచే లైను జోలికే పోవద్దంటున్నా. నేననుకుంటున్నది ఇదీ.

ఒకటి, మనుషులు. పాయింట్స్‌మన్లు, స్టేషన్ మాస్టర్లు, ఫైర్‌మన్లు, మెయిల్ పెట్టెల్లో రాత్రంతా నిలబడి ఉత్తరాలు వేరుచేసిన ఆరెమ్మెస్ సార్టర్లు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటారు. ఫోను తీసి రికార్డు చెయ్యండి. "మీ అనుభవాలు చెప్పండి" అని అడగొద్దు, ఉపన్యాసం వస్తుంది. "ఎట్ల నిలబడేవాడివి? చూపించు" అని అడగండి. పైసా ఖర్చు లేదు.

రెండు, ఒక జత నీల్స్ మిషన్లు. దీనికి రైలు కూడా అక్కర్లేదు. ఏ నంద్యాలలోనో గుంతకల్లులోనో ఒక హాలుకి ఈ చివరొకటి, ఆ చివరొకటి పెట్టి తీగ లాగితే చాలు. ఇటు ఒక పిల్లోడు, అటు ఒక పిల్ల. వాడు గంట కొట్టాలి, ఆ పిల్ల ఒప్పుకోవాలి, అప్పుడు బంతి పడుతుంది. బంతి పట్టుకుని పరిగెత్తుకుంటూ పోయి అవతల మిషన్లో వెయ్యాలి. మధ్యలో ఇంకోటి తీయడానికి ప్రయత్నించమనండి. రాదు. ఎందుకు రాదో ఆ రోజు అర్థమైనవాడికి ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఆపరేటింగ్ సిస్టమ్స్ బట్టీపట్టే బాధ ఉండదు.

మూడు, పక్కకి తోసేసిన ఒక పాత పెట్టె. నందలూరు లాంటి చోట వాడని సైడింగులో నిలబెట్టి లోపల గూళ్లు కట్టించాలి. గూళ్ల మీద పేర్లు: రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని, మంత్రాలయం రోడ్డు, రాయచూరు. బయట పెట్టెకి, ఆలస్యంగా వచ్చినవాళ్లు అదనపు బిళ్ల అంటించి వేసే ఆ లేట్ ఫీ ఉత్తరాల డబ్బా. పిల్లలు కార్డు రాసి అందులో వేస్తే, ఇంకో పిల్లలు దాన్ని సరైన గూట్లో వెయ్యాలి. పక్కన ఒక గుంజ, ఒక వల, తోసుకుపోయే ఒక చిన్న ట్రాలీ. మన ఎండకి ఇనుము అంత తొందరగా తుప్పు పట్టదులే గానీ తోలూ తాడూ రెండేళ్లు కూడా ఆగవు. కాబట్టి ఏడాదికోసారి కుట్టేవాళ్లు, అల్లేవాళ్లు కావాలి. మన ఊళ్లల్లో చెప్పులు కుట్టేవాళ్లకి, పగ్గాలు పేనేవాళ్లకి అది పనే కదా.

2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. బ్రిటన్లో ఉత్తరాలు వేరుచేసే రైళ్లు 2004 జనవరిలోనే ఆగిపోయాయి, అమెరికాలో ఇంకా ముందు, 1977లో. ఇవి తిరిగి రావాలని నేను కోరుకోవట్లేదు. మనిషి చెయ్యి రైలుకి అడ్డం పెట్టే పని పోవడమే మంచిది. అబ్బ భుజం మీదున్న మచ్చే దానికి సాక్ష్యం. కానీ అపాయం పోయిందని సంతోషించడానికైనా అపాయం ఏంటో తెలిసుండాలి కదా.

మనం రాసుకునే దీన్ని కూడా టపా అంటాం, తపాలాకి చుట్టమైన మాట. సీమవాళ్లెవరైనా చదువుతుంటే, మీ ఇళ్లల్లో ఆ పనులు చేసినవాళ్లుంటే ఒక మాట రాయండి. మూడు వీడియోలు పోగైతే నాలుగోది నేను పెడతాను. మా అబ్బది తీయడం మొదలైంది. మొదటి రోజు పశువుల పాకలోంచి ఆ విరిగిన రింగు దింపి, తడి గుడ్డతో తుడిచి, నన్ను వాకిట్లో నిలబెట్టి చేతికిచ్చాడు. తనే ఫైర్‌మన్ లాగా ఎదురుగా నడిచి వచ్చి లాక్కున్నాడు. మూడు సార్లు గట్టిగా పట్టుకుని తిట్లు తిన్నాను. నాలుగోసారికి జారింది.

"ఇప్పుడు నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నాడు.

గుంజకీ పట్టాకీ ఎడం ఎంతో ఇంకా తెలీదు. ఈసారి పోతే టేపు పట్టుకుపోతాను.